ఆటు, పోటు

పంటి పోటుతో పొద్దున్నే పంటి ఎక్కి
నర్సాపురం వెళ్ళొచ్చాను.
దవడపన్ను అక్కడే, స్టీలు పళ్ళెంలో ఉండిపోయింది.

దూది కరిచిపట్టి సఖినేటిపల్లి రేవులో దిగితే
ఏసుపాదం అలవాటుగా బొండాం చెక్కి
స్ట్రా గుచ్చబోయాడు.
చెయ్యి అడ్డం పెట్టాను.
పీల్చకూడదంట, ఉమ్మకూడదంట,
గడ్డకట్టిన నెత్తురే గాయానికి మూతంట.

కొబ్బరి రాశి దగ్గర ఇవాళ నా గొంతు లేదు.
‘లాభం’ అని మొదలెట్టేవాడు లేక
సత్తిరాజు మనవడు ‘ఒకటి’ అన్నాడు.
వందకి రెండు కాయలు తప్పాడు,
చూసి కూడా
దూది మీద పళ్ళు బిగించుకున్నాను.

రాత్రి చల్లారిన గంజి, ఎడం పక్కనుంచే.
నాలిక ఊరుకుంటేనా?
ఖాళీ చేసిన వాటాకి పాత అద్దెవాడిలా
పోయి పోయి తలుపు తడుతుంది.

మర్నాడు గోరువెచ్చని నీళ్ళు, చిటికెడు ఉప్పు.
గట్టిగా పుక్కిలించొద్దు,
ఊరికే తల వాల్చమంది డాక్టరమ్మ.
ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి
వశిష్ఠలోకి సముద్రం ఎక్కినట్టు
దిగినట్టు.
పోటు కాస్త తీసింది.

అరుగు మీద కూచుని
నాలికతోనే లెక్కెట్టాను:
లాభం, రెండు, మూడు...
ముప్ఫయ్యొకటి దాటాక
మళ్ళీ గుంటలోకి జారింది.