సాగదీత

బఫెలోలో ఫిబ్రవరి. సరస్సు మీంచి వచ్చే మంచు
నాలుగో అంతస్తు కిటికీకి అడ్డంగా కురుస్తుంది.
నా బల్ల మీద ఒక షీటు. పదిహేను పేర్లు.
తొమ్మిదో వరస: డోర్సీ ప్రూట్.
ఈ సీజను కాక ఇంకా మూడేళ్లు,
నాలుగు కోట్ల ఇరవై లక్షల డాలర్లు,
చివరి గడిలో ఒకే మాట: హామీ.

హామీ సంగతి అతని మోకాలికి తెలీదు.
సంతకమైన జులైలో అది మంచి మోకాలే.
ఆ రాత్రి మా ఓనరు కలానికి మూత పెట్టడం కూడా మర్చిపోయి
గుమాస్తాలతో సహా అందరికీ షాంపేన్ పోయించాడు.
నవంబరులో, ఎవరూ తాకకుండానే,
ఎగిరి దిగినప్పుడు
పచ్చికొబ్బరి చిప్ప విరిగిన చప్పుడైందట.
నేను వినలేదు. జీతాలు వేస్తున్నాను.

అప్పట్నుంచీ అతను బెంచి చివర,
కొలిచి కుట్టించిన బూడిద రంగు సూటులో.
టైమవుట్ అంటే అందరికన్నా ముందు లేచి
కుర్రాళ్లకి తువ్వాళ్లు అందించేవాడు.
ఒక్కో తువ్వాలు ఎంతకి పడుతోందో
ఒకసారి లెక్కేశాను.
సిగ్గేసి చెరిపేశాను.

గురువారం మూడింటికి గడువు.
మా మేనేజరు ష్వాండ్ ఫోను స్పీకర్లో పెట్టి
సంతలో మేక పళ్లు చూపించినట్టు
అతని మంచితనం, వయసు, కొత్త ఎక్స్‌రేలు ఏకరువు పెట్టాడు.
అవతలివాళ్లు దగ్గారు.
"కొసరేమిస్తావు?"
కొసరంటే కొత్తిమీర కట్ట కాదు,
ఐదేళ్ల తర్వాతి మొదటి రౌండు పిక్.
అంటే ఈ పూట ఎక్కడో ఎనిమిదో తరగతిలో
బీజగణితం తప్పుతున్న ఎవరో పిల్లాడు.
వాడింకా తూకంలోకి ఎక్కినట్టు వాడికి తెలీదు.
ష్వాండ్ సరే అన్నాడు. వాళ్లు ఇంకో పిల్లాణ్ణి అడిగారు.
మరో ఊరివాళ్లు బండకి బండ మార్చుకుందామన్నారు:
వాళ్లదానికి ఏడాది తక్కువ, నడుంనొప్పి ఎక్కువ.
మింగలేక, కక్కలేక
మూడు దాటిపోయింది.
మంచు దాని పని అది చేసుకుపోతూనే ఉంది.

ఆగస్టు ఆఖర్న ఇక సాగదీతే మిగిలింది.
రూలు చిన్నది. మిగిలిన ఏళ్లని రెట్టించు, ఒకటి కలుపు.
మూడు కాస్తా ఏడు.
తెలుగులో ఏడు అంటే అంకె, ఏడు అంటే సంవత్సరం,
ఏడు అంటే ఏడవమని కూడా.
షీటులో అంకె ఒక్కటే పడుతుంది.
ఏటా అరవై లక్షలు, ఏడేళ్లు, ఆడని మనిషికి.
గోడకి కొట్టిన సున్నం అన్నాడు ఓనరు
వాళ్ల భాషలో.
గోడ కూడా తనదేనని ఎవరూ గుర్తు చెయ్యలేదు.

బ్యాంకు కాగితాల మీద సంతకానికి
డోర్సీ మా అంతస్తుకి వచ్చాడు.
లిఫ్టు చెడిపోయి ఉంది. మెట్లెక్కి వచ్చాడు, ఆగి ఆగి.
నా కుర్చీ అతనికి చాలలేదు, నిలబడే సంతకం పెట్టాడు.
"అయితే ఏడేళ్లు మనిద్దరికీ పరిచయం ఉంటుందన్నమాట,"
అని నవ్వి, బల్ల మీది పిప్పరమెంటు ఒకటి తీసుకున్నాడు.

ఉండలేదు.
మూడో ఏడు జీతాలకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.
నా కాగితంలో హామీ అన్న మాట వెతికాను,
రెండు వారాలు అని ఉంది.
అట్టపెట్టెలో మగ్గు, స్వెట్టరు, మిగిలిన పిప్పరమెంట్లు.
ష్వాండ్ తలుపు దాకా వచ్చాడు.
ఆ మర్నెలలో అతన్నీ పంపేశారు, అతనికి మాత్రం రెండేళ్ల జీతంతో.

ఇప్పుడు చీక్టొవాగా స్కూళ్లలో
బస్సు డ్రైవర్లకి జీతాలు వేస్తాను.
ఒకటో తారీఖు, పదిహేనో తారీఖు
పొద్దున తొమ్మిదయ్యేసరికి
వేళ్లు వాటంతటవే రెండున్నర లక్షలు కొట్టబోతాయి.
ఆపుకుంటాను.

కిటికీలోంచి పిల్లల గ్రౌండు కనిపిస్తుంది.
బేరంలో కొసరుగా మిగిలిపోయిన ఆ పిల్లాడు
ఎక్కడున్నాడో, ఇప్పుడు పదకొండో తరగతి అయుంటాడు.
రాత్రిళ్లు వాడి మోకాళ్లు సలుపుతుంటాయి,
ఇంకా పెరుగుతున్నాయి కదా.