అడుగు లేని బుట్ట

భీములవారిపాళెం రేవులో
మిషను సంచీ గుండెకి హత్తుకుని పడవెక్కాను.
తిరుపతి ఆఫీసు వాళ్లిచ్చిన మిషను అది,
వేలు పెడితే మనిషెవరో చెప్తుంది.
గెడ అందుకుంటూ గోవిందసామి అడిగాడు:
"నీళ్లలో పడితే ఈతొస్తాదా దానికి?"

పులికాట్ ఆ పూట నడుంలోతు కూడా లేదు.
గెడ దిగినచోటల్లా బురద
మబ్బులా లేచి, కాసేపు ఆలోచించి,
మళ్లీ తన చోట తను పడుకునేది.
ఇరకం దీవి ఒక్కసారే కనపడలేదు.
ముందు తాటితలలు,
తర్వాత ఎవరో ఆరేసిన ఎర్రచీర,
ఆ తర్వాతే నేల.

చేతిపనుల వాళ్ల లెక్క రాయడం నా ఉద్యోగం.
ఫారంలో పద్దెనిమిది గళ్లు.
తుపాకుల మస్తానమ్మ ఇసకలో కాళ్లు చాపుకుని
ఊత అల్లుతా ఉంది.
వెదురుబద్ద పళ్ల మధ్య,
తాటినార కాలి బొటనవేలికి.
మాట్లాడాలంటే బద్ద తీయాలి
కాబట్టి తీయాల్సినంత మాటకే తీస్తోంది.

వయసు?
"పెద్ద గాలివాన నాటికి పైటేసినారు."
అనుభవం?
"దేంట్లో?"
ఈ పనిలో.
"ఇది పనా పాపా? కూడు."
పెన్ను ఎత్తాను, దించాను,
నలభై ఏళ్లు అని రాశాను.

తొమ్మిదో గడి: వస్తువు వర్ణన.
పైన మూతి సన్నం, కింద వెడల్పు.
కింద చెయ్యి పెట్టి చూశాను.
దీనికి అడుగెప్పుడు వేస్తావు?

పిల్లలు ఇసకలో పడి దొర్లారు.
వల కుడుతున్న ముసలాయన సూది ఆపాడు.
మస్తానమ్మ మాత్రం నవ్వలేదు,
నా మణికట్టు పట్టుకుని నీళ్లలోకి నడిచింది.
చెప్పులు ఒడ్డున, ఫారం సంకలో.
కదలొద్దంది.
ఎక్కడో బురదలో ఒక బుడగ.
టప్పున ఊత దించి
పై మూతిలోంచి నా చెయ్యి తోసింది.
లోపల చీకట్లో ఏదో
నా వేళ్లని గోడలనుకుని
తలకొట్టుకుంటూ తిరిగింది.
మడవచేప.
భయపడి నేను చెయ్యి తీసేసుకున్నాను.
అది ఎక్కడికీ పోలేదు.

"అడుగు దేవుడేసి పెట్టినాడు గదా" అంది
కాలితో నేలని తట్టి.

ఇక మిషను.
బొటనవేలు. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
మిగిలిన ఎనిమిదీ అంతే.
సబ్బుతో కడిగింది, కొంగుతో తుడిచింది,
ఎవరో కొబ్బరినూనె తెచ్చారు.
వెదురు పదునూ నారా ఉప్పునీళ్లూ కలిసి
ఆ వేళ్లని ఏటిరాళ్లు చేసేశాయి,
ఒక్క గీత కూడా మిగల్లేదు.
"నేను లేనంటాందా?" అడిగింది, కోపం లేకుండా.
మళ్లీ ప్రయత్నించమంటోంది అన్నాను.
"నయమే."

పక్కనే నిలబడ్డ శీనడికి పదేళ్లుంటాయి.
కొట్టుకుపోయిన ఊత ఏ దిబ్బ మీద దొరికినా
ముడి చూసి ఎవురిదో చెప్తానన్నాడు.
పెద్దవ్వ ముడి ఎడమకి తిరుగుతాదంట,
ఎండ్రకాయ కొరికిన చిటికెనవేలు వంగదు కాబట్టి.
అది రాసుకునే గడి కోసం
ఫారం రెండు వైపులా వెతికాను.

ముప్పై రెండు రోజులకి ఆఫీసు నుంచి కాయితం వచ్చింది.
వేలిముద్ర లేదు.
వస్తువు అసంపూర్తి,
అడుగు వేయించి ఫొటో మళ్లీ పంపవలెను.

మళ్లీ అదే రేవు, అదే గెడ.
ఈసారి గోవిందసామి ఏమీ అడగలేదు.
మస్తానమ్మ అక్కడే, ఇంకో ఊత మీద.
కాయితం చదివి వినిపించాను,
సంతకం కింద ఉన్న హోదాతో సహా.
ముసలాయన సూది ఆపాడు.
శీనడు నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

మస్తానమ్మ నోట్లోంచి బద్ద తీసింది.