ఇరుసుల బేరం

అత్-బాషి ఊరి చివర మా షెడ్డులో
రెండు జతల ఇరుసులు గోడకి ఆనించి పెట్టాను.
ఒకటి సైన్యం వదిలేసిన పాత జత,
చక్రాల దగ్గర అదనంగా పళ్ల డబ్బాలున్నది.
రెండోది మామూలుది. తుప్పు తక్కువ, గొప్ప తక్కువ.

బుబైషా వచ్చింది, బేరం మొహం పెట్టుకుని.
ముప్పై ఏళ్లుగా కొండల మీద పురుళ్లు పోసిన చేతులు.
వాటితో ఇరుసుని తడిమి చూసింది
బిడ్డ తల ఎటుందో వెతికినట్టు.

"ఇది తీసుకో అక్కా" అన్నాను, సైన్యం దాన్ని చూపించి.
"నేలకి నాలుగు వేళ్లు ఎక్కువ ఎత్తున నడుస్తుంది.
కారా కోయున్ వాగులో బండలు
నీ బండి కడుపు గీరవు.
ఇలాంటిది ఇక దొరకదు."
ఆ చివరి మాట అబద్ధం.
షెడ్డు వెనక ఇంకో జత ఉంది.

"మొన్న మే నెలలో" అంది,
"ఒక చక్రం మంచు మీద, ఒకటి గట్టి నేల మీద.
మంచు మీదిదేమో గిర్రున తిరిగింది,
గట్టి నేల మీదిది గుడ్లప్పగించి చూసింది.
ఇదేం న్యాయం, జుమాదిల్?"

డిఫరెన్షియల్ న్యాయం అంతే, అన్నాను.
మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి, లోపలిది తక్కువ.
రెండింటికీ తగువు రాకుండా చూడటం దాని పని.
కానీ ఎవడికి పట్టు లేదో వాడి వెంటే పోతుంది,
ఇంట్లో కష్టపడేవాణ్ణి వదిలేసి
తాగుబోతు కొడుకు వెంట తల్లి పోయినట్టు.
లాకర్ వేశావా, రెండు చక్రాలదీ ఒకే మాట.
ఒకటి గాల్లో వేలాడినా రెండోది లాగుతుంది.

"అయితే ఎప్పుడూ వేసే ఉంచుకుంటా."

అమ్మో, వద్దు.
గట్టి రోడ్డు మీద వేసి మలుపు తిప్పితే
ముందు టైరు ఏడుస్తుంది, తర్వాత లోపలి కడ్డీ విరుగుతుంది.
మా అన్న అలాగే విరగ్గొట్టాడు నరిన్ దారిలో,
పెళ్లికూతురు బండిలో ఉండగా.
బురదలో కూరుకుపోయాక కాదు, దిగే ముందు వెయ్యాలి.

నవ్వింది.
"నొప్పులొచ్చాక పిడకలు వెతికే ఇళ్లు
ఎన్ని చూళ్లేదు!"

ముందు ఇరుసుకి కూడా వేద్దామా అంటే
స్టీరింగ్ మొండికేస్తుంది, వెనక ఒక్కటి చాలన్నాను.
గాలితో పడే లాకర్ ఉంది గానీ
జనవరిలో పైపులో తేమ గడ్డకడుతుంది.
తీగ లాగితే పడేది మొరటుది,
పడిందో లేదో చేతికి తెలుస్తుంది.
చేతికి తెలియడం అనే మాట ఆమెకి నచ్చింది.

"ఇంతకీ నీ సైన్యం ఇరుసు నడిపి చూపించు."

నా బండికి ఉన్నవి అవే. ఎక్కమన్నాను.
ముందు సీటు తలుపు తీసి పట్టుకుంటే
వెనక్కి వెళ్లి కూర్చుంది, కళ్లు మూసుకుంది.
వంతెన దాకా వెళ్లి వచ్చాం.
గుంతలన్నీ గంతేసి దాటాను, గొప్పగా.
ఒక్క రాయి తగల్లేదు.

దిగి, గౌను దులుపుకుని,
"మామూలుదే బిగించు" అంది.

రాళ్లు తగుల్తాయక్కా!

"తగలనీ. దిగి పలుగుతో పక్కకి తోస్తా.
నీ పళ్ల డబ్బాల ఊళలో
వెనక పడుకున్న పిల్ల ఊపిరి
ముందు కూర్చున్నదానికి వినపడదు."

పన్నెండేళ్లుగా ఆ మోత వింటున్నాను.
మోత అని ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు.

రెండు వేల సోమ్ తగ్గించాను, అడక్కుండానే.
కందెన పట్టించి, తీగ సాగదీసి,
పిడి ఆమె కుడిచేతికి అందేలా వంచాను.
చీకటి పడ్డాక పచ్చిక మైదానాల వైపు
దీపాలు ఎక్కుతూ పోయాయి.
షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాను.
ఇంజను తప్ప ఏమీ వినపడలేదు.
తర్వాత అదీ లేదు.

ఇప్పుడు ఏ బండి రిపేరుకొచ్చినా
ముందు వెనక సీట్లో కాసేపు కూర్చుంటాను.
కుర్రాళ్లు నవ్వుకుంటారు.

సైన్యం జతలు రెండూ ఇంకా ఇక్కడే ఉన్నాయి.
ఎవరైనా అడిగితే మాత్రం
ఇలాంటిది ఇక దొరకదనే చెప్తాను.