ఇరవై రెండో పేజీ

మా భాషలో మాటలు ముప్ఫై ఎనిమిదే.
ముప్ఫై అయిదు పాటలు, ఒక డబుల్, దాని మీద మరో డబుల్,
ఒక పాస్.
బయట నా నోట్లో నువ్వుగింజ నానదు.
గ్దీనియా ట్రాలీబస్సులో ఎక్కానంటే
పక్కసీటు మోకాళ్ళ నొప్పి దాకా కనుక్కుని దిగుతాను.
గురువారం సాయంత్రం మాత్రం
చేపల మార్కెట్టు పైగదిలో
ఆ ముప్ఫై ఎనిమిదితోనే సర్దుకుంటాను.

జెనోన్‌కి అవి కూడా ఎక్కువే.
రేవులో క్రేను నడిపిన మనిషి.
కింద నిలబడ్డవాడి అరచెయ్యి చూసి
ఇరవై టన్నులు గాలిలో ఆపినవాడు.
ఇక్కడ అరచెయ్యి చూపకూడదు.
కనుబొమ ఎత్తకూడదు.
నిట్టూర్పు కూడా తప్పే.

అందుకని ఈ నోటుపుస్తకం.
నలభై ఒక్క పేజీలు, రెండు ప్రతులు,
నీలం సిరా నాది, పెన్సిలు అతనిది.
మేం ఒక కళావరు పాడితే
చేతిలో కళావర్లు ఉండాలని లేదు.
రెండు డైమన్లంటే డైమన్లు కానే కావు.
అయినా అబద్ధమాడుతున్నట్టు కాదు:
అవతలివాళ్ళు అడిగితే అన్నీ విప్పి చెప్పాలి.
దాచుకున్న ఒప్పందానికి మా బల్ల మీద వేరే పేరుంది.

ఇరవై రెండో పేజీ
తోరున్‌లో చిత్తుగా ఓడి తిరిగొస్తూ
వేడి లేని రైలుపెట్టెలో రాసుకున్నది.
ఆట మనదని తేలిపోయాక
వాళ్ళు మన మీదికెక్కి పాడితే
నా పాస్ మౌనం కాదు.
"నాకు తేలడం లేదు, నువ్వు తేల్చు" అని.
డబులో, ఇంకో మెట్టో, నీ ఇష్టం.
నువ్వు కూడా పాస్ అనడం మాత్రం లేదు.

మొన్న నేను ఒక ఆఠీను పాడాను.
ఎల్‌బ్లాంగ్ కుర్రాడు రెండు ఇస్పేట్లకు దూకాడు.
జెనోన్ మూడు ఇస్పేట్లు. అంటే ఆఠీన్లకు ఊతం, ఆట మనది.
ఆ కుర్రాడి అన్న నాలుగు ఇస్పేట్లు.
నా చేతిలో ఇస్పేటు ఒక్కటే, ఒంటరి మూడు.
పచ్చకార్డు పెట్టాను,
తొందరపడకుండా, తాత్సారం చెయ్యకుండా.
కుర్రాడు పాస్.
జెనోన్ పెట్టె మీదికి చెయ్యి పోనిచ్చి
పచ్చకార్డే తీశాడు.

వాళ్ళకి మూడు పట్లు తక్కువయ్యాయి. మాకు మూడు వందలు.
ఎర్రకార్డు పడి ఉంటే ఎనిమిది వందలు.
లెక్క నాకు నోటికి వచ్చు, అక్కర్లేకపోయినా.
అతను ముక్కలు పేర్చుకుంటూ
"నిమ్మకాయ టీ చల్లారిపోయింది" అన్నాడు.

రాత్రి నిద్ర పట్టక ఒక పాపం ఆలోచించాను.
ఈసారి పచ్చకార్డు పెట్టేముందు
రెండు క్షణాలు ఆగితే?
వేలు కార్డు అంచు మీద కాస్త నిలిస్తే?
అతనికి తడుతుంది. ఎవరూ పట్టుకోలేరు.
ముప్ఫై తొమ్మిదో మాట అలాగే పుడుతుంది.

లేచి దీపం వేసి, స్కేలు పెట్టి
ఇరవై రెండో పేజీ కొట్టేశాను.
చెయ్యి ఆగలేదు.
ఇరవై ఆరు. ముప్ఫై. రెండు డైమన్ల పేజీలు మూడూ.
నీలం సిరా మీద నీలం గీతలు.

గురువారం ఆటకి ముందు నా ప్రతి అతని ముందు పెట్టాను.
చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ చూశాడు.
కోటు లోపలి జేబులోంచి తన ప్రతి తీశాడు.
ఇరవై రెండో పేజీ మీద అడ్డంగా పెన్సిలు గీత.
పక్కన తేదీ: ఫిబ్రవరి.

"ఎనిమిది నెలలు!" అన్నాను.
"నీ పుస్తకంలో పాస్ అంటే ఉత్త పాసేనా?
ఒకరే మార్చుకుంటే అది ఒప్పందమా, జెనోన్?"
పైగది మొత్తం మా వైపు తిరిగింది.
"చెప్పాలనే..." అన్నాడు.
ఆ మాట అక్కడే వదిలేశాడు.
గాజుగ్లాసులో నిమ్మచెక్క తిప్పుతూ
"మిగిలినవి ఎన్ని?" అన్నాడు కాసేపటికి.

"పందొమ్మిది."

"ఎక్కువే," అని
పెన్సిలు నా వైపు జరిపాడు.