శివారు మడి

మునుపటివాడు రాసి వెళ్లిన పెర్ల్ ప్రోగ్రాం
అమలాపురం సెక్షన్ ఆఫీసులో, తుప్పు బీరువా పక్కన,
పదకొండేళ్లుగా నడుస్తోంది.
ఎలా నడుస్తోందని ఎవరూ అడగలేదు.

తెరిచాను.
ఐ. దాని కడుపులో జె. జె కడుపులో కె.
సున్నా నుంచి పెరిగే మూడు అంకెలు, మూరెడు బ్రాకెట్లు.
వేలు పెట్టి చదివినా
ఏ నీళ్లు ఎటు పోతున్నాయో తెలియలేదు.

గేజీ పుస్తకం ఇవ్వడానికి లష్కరు ఏసుపాదం వచ్చాడు,
పిక్కల మీద ఒండ్రు ఇంకా ఆరలేదు.
"ఇన్ని మళ్లు ఎలా తిరుగుతావు? లెక్కపెట్టుకుంటావా?"

"లెక్కేంటండీ?
కాలవలోంచి బోదె, బోదెలోంచి మడి.
ఓ బోదె కాడ ఆగడం, దాని మళ్లన్నీ చూసుకోడం,
అయిపోతే ఇంకో బోదె.
ఎన్నోదో నాకెందుకండీ, పేర్లు తెలుసు గదా. ఆయ్."

అతను వెళ్లాక
ఐ, జె, కె ముగ్గుర్నీ చెరిపేశాను.
ప్రతి కాలవలో ప్రతి బోదె,
ప్రతి బోదెలో ప్రతి మడి:
ఇరవై మూడు వరుసలు ఐదయ్యాయి.
డాలరు గుర్తున్న పేరు ఉత్త చిరునామా,
దాని ముందు ఎట్ గుర్తు పెట్టడం
తూము తలుపు ఎత్తడం.

ఇంకా కుదించొచ్చు.
మ్యాపులో మ్యాపు దూర్చి ఒక్క వరుసలో కుక్కొచ్చు.
కానీ నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాడికి
గొంతులో ముల్లు గుచ్చుకుంటుంది.

నడిపాను.
మొత్తంలో ఒక మడి ఎక్కువొచ్చింది.

తప్పు నాదే అనుకున్నా, రెండుసార్లు.
తర్వాత కనబడింది:
బోదెకి పద్నాలుగే మళ్లని
పాతవాడు అంకె బిగించేశాడు.
ఉప్పలగుప్తం శివారులో ఆఖరి బోదెకి పదిహేను.

కటికిరెడ్డి నూకరత్నం, ఎనభై సెంట్లు.
నీళ్లు అందిన తేదీ: ఏమీ లేదు.
సున్నా కూడా కాదు, ఏమీ లేదు.

ఏసుపాదానికి ఫోన్ చేశాను.
"ఆవిడ మడాండీ?" అని ఆగాడు.
వెనక ఎక్కడో డీజిలు ఇంజను కొట్టుకుంటోంది.
"అడుగుతానే ఉంటాదండీ. కాయితంలో లేదని
ఎవరూ ఇనుకోరు."

ప్రోగ్రాం అడుగున ఇంకో వరుస మిగిలింది:
ఖాళీ కనిపిస్తే సున్నా వేసెయ్.
చూడ్డానికి శుభ్రంగానే ఉంది.

దాన్ని కూడా తీసేసి
ప్రింటు ఇచ్చాను,
ఆ గడి తెల్లగా ఉండగానే.