డిక్కీలో వచ్చిన రెక్క

నాక్‌హిల్ ట్రాకులో, హెయిర్‌పిన్ మలుపుకి ఎగువన
పదహారేళ్లుగా నా టీ బండి.
దాని గురించి ఎవరూ వాదించరు.
నలభై మైళ్లు దాటితే కప్పులన్నీ పళ్లు కొరుకుతాయి.

వాదన ఎప్పుడూ ఆ ఇద్దరిదే.
ఫెర్గస్ డాల్‌గ్లీష్‌కి పాలు తక్కువ, చక్కెర మూడు.
ఊనా పెట్రీకి ఏదీ అక్కర్లేదు, వేడిగా ఉంటే చాలు.

ఫెర్గస్ షెడ్డులో ఒక కారుంది.
రేసులో ఒకటి దిగాలంటే
రోడ్డు మీదికి ఐదువందలు అమ్మాలని రూలున్న రోజుల్లో
ఆ ఐదువందల్లో నాలుగువందల పన్నెండోది.
వెనకాల బిగించాల్సిన రెక్కని డిక్కీలో పడేసి ఇచ్చారట,
బిగించుకుంటే మీ ఇష్టం, పోలీసులకి మీ జవాబు, అని.
ఆయన బిగించలేదు.
ఆయన భార్య ఎఫీ దాని మీద
ఓట్ రొట్టెలు ఆరబెడుతుంది.

ఊనా ఇరవై రెండేళ్లు ఇదే మలుపులో
నారింజ రంగు ఓవరాల్ తొడుక్కుని
పసుపు జెండాతో నిలబడింది.
నున్నటి కారంటే ఆమెకి అనుమానం.
"ఒక్క సొట్టైనా లేని తలుపుకి ముఖమెక్కడిది?
నీలం కారు మీద ఎర్ర గీత, ఎర్రదాని చెంప మీద పసుపు.
సాయంత్రం ప్యాడాక్‌లో ఓసారి నడిచొస్తే చాలు,
ఏ మలుపులో ఎవరు ఎవర్ని ఏమన్నారో చదివేయొచ్చు.
నీదేమో ముప్పై ఏళ్లుగా
అద్దం ముందు నుంచి లేవనేలేదు."

"అవసలు కార్లేనా?" అంటాడు ఫెర్గస్.
"వెనక సీటు లేదు, హీటరు లేదు,
ట్రక్కెక్కి వస్తాయి, ట్రక్కెక్కి పోతాయి.
మన వీధి కారులా వేషం కట్టిన ఇనప పంజరాలు.
నాది పాల కోసం వెళ్లింది, పశువుల డాక్టరుకి వెళ్లింది,
రెండు గొర్రెపిల్లల్ని ముందు సీట్లో పెట్టుకుని
మంచులో క్లీష్ కొండ దాటింది.
అదే ఇంజను. అదే గేర్‌బాక్సు.
గెలవడం తెలిసీ
నలభైలో నడవడం, అదీ గొప్ప."

"తెలుసని నీకెలా తెలుసు?
ఎప్పుడైనా అడిగావా దాన్ని?"

ఇక్కడ ఫెర్గస్ టీ ఊదుకుంటాడు.
ఎప్పుడో చల్లారిన టీ.

నేను గోడ మీద పిల్లిని.
పదకొండు కార్లు ఒకే మలుపులో ఒకేసారి దూరినప్పుడు,
స్తంభం దగ్గర కుక్కలా వెనక కాలెత్తి
మూడు చక్రాల మీద తిరిగినప్పుడు
నా చేతిలో చెంచా ఆగిపోతుంది.
అందరూ వెళ్లిపోయిన కార్ పార్కులో
ఆయన తాళం తిప్పితే మాత్రం
చలికి బిగుసుకున్న వేళ్లు ఎందుకో విచ్చుకుంటాయి.
ఏది గొప్పో నన్నడక్కండి.
చిల్లర అడగండి.

ఈ సెప్టెంబరులో సముద్రం వైపు నుంచి పొగమంచు పాకింది.
హార్ అంటారు ఇక్కడ, ఇంటి పేరు తెలిసిన దొంగని పిలిచినట్టు.
రెండో రేసు ఆపేశారు. ఊనా వ్యాను స్టార్టవలేదు.
"ఎక్కు" అన్నాడు ఫెర్గస్.
ఎక్కింది. బెల్టు పెట్టుకుని
రెండుసార్లు లాగి చూసుకుంది, అలవాటు కొద్దీ.

తరవాతిది నేను చూడలేదు.
ఆయన చెప్పిందే, ముక్కలు ముక్కలుగా, మూడో టీ అయ్యాక.
కొండ దిగేచోట, ఏమీ కనబడని తెల్లదనంలో
ఆమె చెయ్యి పైకి లేచిందట,
జెండా లేని చెయ్యి.
ఎందుకని అడగలేదు. బ్రేకు తొక్కాడు,
ఈ ముప్పై ఏళ్లలో ఎన్నడూ తొక్కనంత గట్టిగా.
కారు తొణక్కుండా, గీత గీసినట్టు ఆగింది.
దీపాల అంచున ఒక జింక
వాళ్లనే చూస్తూ కాసేపు ఆలోచించుకుని
దారి దాటింది.

"అడగమన్నావుగా, చెప్పింది" అన్నాడట.
చాలాసేపు ఊనా ఏమీ అనలేదట.
"ఇంకోసారి" అందట చివరికి,
"ఈసారి జింక లేకుండా."

మళ్లీ ఆదివారం వచ్చారు. మళ్లీ మొదలెట్టారు,
అదే తలుపు, అదే సొట్ట, అదే వెనక సీటు.
రెక్క బిగిద్దామని అడిగాడట ఇంట్లో.
ఎఫీ ఇవ్వనంది.
రొట్టెలింకా ఆరలేదట.