ఇరవై నిమిషాల గడువు

ఒకటో తారీఖు పొద్దున్నే
న్యాగుథీ మేడమ్ నల్లబోర్డు తడిగుడ్డతో తుడిచి
ఆ నెల లైబ్రరీలో ఏమేం జరుగుతాయో రాస్తుంది.
నేనది చదవను.
"ఎన్ని కుర్చీలమ్మా?" అంటాను.

నలభై అంటే కంప్యూటర్ శిక్షణ
పన్నెండంటే కవిత్వం
మూడే అంటే ప్రిన్సిపాల్ వస్తున్నట్టు.
కిసుము కాలేజీలో ఇది నా పదిహేడో ఏడు,
నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

జనవరిలో కొత్తపిల్లలకి లైబ్రరీ చూపిస్తారు.
తుర్కానా ఎండల్లోంచి వచ్చిన లొకిరు
గడప దగ్గరే ఆగి
బూట్లు విప్పాలా అని అడిగాడు.
మార్చి వచ్చేసరికి
అవే బూట్లు తలకింద పెట్టుకుని
చరిత్ర అలమరాల వెనక గురక.

మధ్యలో జరిమానా మాఫీ వారం.
బోడా బండి మీద ఎవరో గోనెసంచి పంపారు.
పంతొమ్మిదేళ్ళ కిందట తీసుకెళ్ళిన జంతుశాస్త్రం,
కప్ప బొమ్మ దగ్గర ఎండిన చేప పొలుసు.
లెక్క కడితే ఆ జరిమానాతో
ఒక పడవ వచ్చేది.
మేడమ్ పుస్తకం దులిపింది,
పొలుసుని మాత్రం ఉన్నచోటే ఉంచేసింది.

ఏప్రిల్లో వానలు.
దోమల మీద ఉపన్యాసానికి డాక్టరుగారు నైరోబీ నుంచి వచ్చాడు.
కుర్చీలు ముప్పై, మనుషులు తొమ్మిది,
చూరు కింద బకెట్లు పదకొండు.
రేకుల మీద వాన ఒక్కతే మాట్లాడింది
ఆయన పెదవులు కదిపాడు
చివర్లో అందరం చప్పట్లు కొట్టాం, వానకో ఆయనకో.

మే నెల బోర్డు మీద ఒకే మాట: నిశ్శబ్దం.
అన్నిటికంటే దానికే జనం ఎక్కువ.

జులైలో మాత్రం మేడమ్ సంఖ్య చెప్పలేదు.
"ఈసారి మనుషులే పుస్తకాలు, ఒడెరా.
ఇద్దరిద్దరు ఎదురెదురుగా.
ఒక్కో మనిషిని ఇరవై నిమిషాలు అరువిస్తాం."
జాబితా చూపించింది.
ఒక మంత్రసాని, ఒక పడవల మేస్త్రి,
గేటు కాచే వఫులా,
నాలుగో పేరు నాది.
పక్కన సుద్దతో: సరస్సు లేచి వచ్చిన ఏడు.

కుర్చీలు వేయడమే గాని
అందరి ముందూ కూర్చున్నవాణ్ణి కాను.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చెలంగాత్ వచ్చింది. లెక్కల విద్యార్థిని,
టీతోటల కొండమీది పిల్ల,
నీళ్ళు పైనుంచి పడటమే తప్ప
కిందనుంచి పెరగడం ఎరగదు.
"నీళ్ళొచ్చినప్పుడు ముందు ఏం మోసుకెళ్ళారు?"

తలుపు, అన్నాను.
నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.
గోడదేముందమ్మా, మట్టి.
మట్టి ఎక్కడైనా దొరుకుతుంది.
తలుపుకి మా ఆవిడ రెండేళ్ళు చేపలు ఎండబెట్టింది.
నడుంలోతు నీళ్ళలో
దాన్ని తెప్పలా తోసుకుంటూ వచ్చాం
మీద మా చిన్నది కూర్చుని
తాళంచెవి పట్టుకుంది.

"ఆ తలుపు ఇప్పుడెక్కడుంది?"

ఉంది. దాని కొలతకే ఇల్లు కట్టుకున్నాను.
కాస్త పొట్టి ఇల్లు.

గంట మోగింది. పిల్ల లేవలేదు.
మేడమ్ రబ్బరుముద్ర పట్టుకుని వచ్చి
గడువు తేదీ నా అరచేతిలోనే కొట్టింది.
అందరూ పకపకా నవ్వారు, నేనూ నవ్వాను.
ఆ రాత్రి ఉగాలి ముద్ద చేసుకుంటుంటే
వేళ్ళకి నీలం అంటింది.

అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది.
వఫులాని ఎవరూ అడగలేదు.
టోపీ ఒళ్ళో పెట్టుకుని
ఎదుటి ఖాళీ కుర్చీని కాపలా కాస్తున్నట్టు కూర్చున్నాడు.
పదిహేడేళ్ళుగా ఒకే గేటు, ఒకే టీ ఫ్లాస్కు,
వీడిలో నాకు తెలియనిదేముంది అనుకుంటూనే
వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.
"ఏ పేజీ కావాలి?" అన్నాడు బింకంగా.
మొదటిదే తియ్యమన్నాను.

అందరూ వెళ్ళిపోయారు.
మేడమ్ దీపాలు ఒకటొకటే ఆర్పుతూ
మా వరస దగ్గర ఆగి
ఆ ఒక్కటీ వదిలేసింది.

ఆగస్టుకి పైకప్పు బాగుచేయిస్తారట, లైబ్రరీ మూత.
కుర్చీలన్నీ వరండాలోకి మోయాలి.
రెండు మాత్రం
గేటు దగ్గర వేస్తాను.